అడుగున మిగిలింది

"నాలుగు నెలలు వాసనే లేదన్నారు. ఇప్పుడు ఉంది, లేచి రమ్మంటున్నారు. నేను రాను."

తలుపు వెనకనుంచి వేదవతి గొంతు మామూలుగానే వినిపించింది. కోపం లేదు, ఏడుపు లేదు. పొయ్యి మీద పాలు చూడమన్నట్టు అంది.

బయట వైదేహి తలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. తల్లి వెనక గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని రెండు గంటలు కావస్తోంది. ఆ గది గచ్చు కిందనుంచే వైదేహి మొన్న పిడికెడు మట్టి తీసి తను పనిచేసే మట్టి పరీక్షల ల్యాబుకి పట్టుకెళ్ళింది. ఫలితం నిన్న సాయంత్రం వచ్చింది. మట్టిలో పెట్రోలు ఉంది.

"అమ్మా, అది పీల్చడం మంచిది కాదు. నీ తలనొప్పి దానివల్లే."

"ఆగస్టులో వయసువల్ల అన్నావు."

వైదేహి తలుపు మీదనుంచి అరచెయ్యి తీసేసింది.

"లేని వాసనలు రావడం మతిమరుపుకి మొదటి మెట్టు అన్నాడు ఆ డాక్టరు. నువ్వు తల ఊపావు. ఆ మాత్రలు మింగి పగలంతా మత్తుగా పడి ఉన్నాను. నలభై ఏళ్ళుగా చదువుతున్న సహస్రనామం సగంలో మరిచిపోయి, దేవుడి ముందు నోరు తెరుచుకుని కూర్చున్నాను. అప్పుడు ఈ గది మంచిదే కదూ?"

"తప్పయింది."

"నీది కాదు. ఆదివారం లేదు, పండగ లేదు, నువ్వు పొద్దున్న తొమ్మిదింటికి పోయి రాత్రి ఏడింటికి వచ్చేదానివి. అది నాలుగున్నరకి వచ్చి ఆరింటికల్లా పోయేది. నీకెలా తెలుస్తుంది?"

అది నిజం. జూన్‌లో మొదటి వానలు పడిన వారంలో వేదవతి వాసన సంగతి మొదటిసారి అన్నప్పుడు, వైదేహి ఇల్లంతా వెతికింది. ఏ వాసనా తగల్లేదు. అప్పుడు తల్లి చెప్పిన ఇంకొక మాటే ఆమెను భయపెట్టి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేలా చేసింది.

"మీ నాన్న డ్యూటీ దిగి వచ్చే వేళకి వస్తోందే అది," అంది వేదవతి ఆ రోజు, గొంతు తగ్గించి. "ముప్పై ఏళ్ళు అంతేగా. ముందు పెట్రోలు వాసన గుమ్మంలోకి వచ్చేది, వెనకాల మనిషి వచ్చేవాడు. ఇప్పుడు మనిషి నా ఎదురుగా కుర్చీలో కూర్చునే ఉన్నాడు. వాసన పెరటి వైపునుంచి వస్తోంది. మరి ఆ వచ్చేది ఎవరే?"

ఇప్పుడు తలుపు వెనక చిన్నగా దగ్గు వినిపించింది.

"వైదేహీ."

"చెప్పమ్మా."

"మీ నాన్నని అడుగు. ఆయనకి ఆ వాసన వచ్చిందో లేదో. ఇక్కడికి వచ్చి, ఈ తలుపు ముందు నిలబడి, ఆ ఒక్క మాట చెబితే గడియ తీస్తాను."

ముందు గదిలో సుందరరావు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటి నుంచి పేజీ తిరగలేదు.

ఆ ఇల్లు తార్నాకలో ఆ వీధికి చివరిది. పెరటి గోడకి అవతల యూనివర్సిటీ. సుందరరావు అక్కడి మోటారు షెడ్డులోనే ఉద్యోగంలో చేరి, అక్కడే సూపర్‌వైజరై, అక్కడే రిటైరయ్యాడు. బస్సులకీ జీపులకీ నూనె పోయించడం, మరమ్మతులు చూడడం ఆయన పని. కళ్ళు మూసుకుని వాసన చూసి డీజిలేదో పెట్రోలేదో, అందులో కిరోసిన్ కలిసిందో లేదో చెప్పేవాడని షెడ్డులో పేరు.

"నాన్నా, అమ్మ అడుగుతోంది."

"విన్నాను."

"వచ్చి ఒక్క మాట చెప్పరాదూ?"

సుందరరావు పేపరు మడిచాడు. ఆ మడతని మళ్ళీ మడిచాడు. "నువ్వు పనికి వెళ్ళు. కోపం దిగాక ఆవిడే వస్తుంది."

"అది కోపం కాదు నాన్నా."

ఆయన లేచి పెరట్లోకి నడిచాడు. గోడ పక్కన కరివేపాకు చెట్టు ఆకంతా రాల్చుకుని పుల్లల్లా నిలబడి ఉంది. సరిగ్గా ఆ చెట్టు ఎండిపోవడం చూశాకే వైదేహి వారం కిందట యూనివర్సిటీ వాళ్ళని అవతల తవ్వి చూడడానికి అనుమతి అడిగింది. సుందరరావు చెట్టు వైపు చూడలేదు. గోడ మీద ఒక చెయ్యి వేసి, జ్వరం ఉందేమో చూస్తున్నట్టు, అలాగే ఉంచాడు.

*

గోడకి అవతల ఎండ తీక్షణంగా ఉంది. అయినా నేల తడిగానే ఉంది. ఈ ఏడు అక్టోబరు సగం దాటినా వానలు వెనక్కి పోలేదు.

ల్యాబు టెక్నీషియన్ దిలీప్ ఇద్దరు పనివాళ్ళతో అప్పటికే పనిలో ఉన్నాడు. మట్టిని తోడి పైకి తెచ్చే పొడవాటి బరమా ఒకటి నేలలోకి దిగుతోంది. పాత మోటారు షెడ్డు తలుపులకి తాళాలు పడి చాలా ఏళ్ళైంది. కొత్త షెడ్డు క్యాంపస్‌కి ఆ చివరన కట్టారు.

"మేడం, ఇంజనీర్ ఆఫీసుల పాత కాయితం దొరికింది," అని దిలీప్ ఒక నకలు అందించాడు. "షెడ్డు పక్కన భూమిల పెట్రోల్ ట్యాంకు ఉండెనంట. ఇరవై నాలుగేండ్ల కింద తీసేసినమని రాసిండ్రు. ఖాళీ చేసి, బయటికి తీసి, గుంత పూడ్చినమని. పటం గూడ ఉన్నది."

వైదేహి పటం చూసింది. షెడ్డు, రోడ్డు, గోడ, మధ్యలో చిన్న చదరం గీసి 'తొలగించిన ట్యాంకు' అని రాసి ఉంది. కింద సంతకం. రేషన్ కార్డు నుంచి తన స్కూలు ప్రోగ్రెస్ రిపోర్టుల దాకా ఆ సంతకం చూస్తూ పెరిగింది. చివరి అక్షరం కింద పొడుగ్గా లాగిన గీత.

"మేడం?"

"ఏం లేదు. ఆ చదరం దగ్గర తవ్వారా?"

"తవ్వినం. మీరే చూడుండ్రి."

గుంత పక్కన కుప్పగా పోసిన మట్టి ఎర్రటి మొరం. పెట్రోలు ఆవిరిని కొలిచే మీటరు ఆ మట్టికి దగ్గరగా పెట్టి చూసింది. సున్నా. మూడు మీటర్ల లోతునుంచి తీసినదాంట్లోనూ సున్నాయే.

"శుభ్రంగా ఉంది. అంటే నిజంగానే తీసేశారన్నమాట," అంది. ఆ మాటతో గుండె మీదనుంచి ఏదో దిగినట్టయింది.

దిలీప్ ఆ మట్టి చేతిలోకి తీసుకుని నలిపాడు. "తీసేసి పూడ్చిన గుంత గిట్లుండదు మేడం. పూడ్చిన మట్టి వదులుగ ఉంటది, రంగులు కల్సి ఉంటది. గిది పుట్టినప్పటి నుంచి కదలని మట్టి. గీడ ఎన్నడూ ట్యాంకు లేకుండె."

ఇద్దరూ ఆ గుంతలోకి చూశారు. లేని చోట ఉందని రాసి, ఉన్నదాన్ని తీసేశామని రాసిన కాగితం వైదేహి చేతిలో గాలికి కొట్టుకుంది.

"అయితే అది ఎక్కడ ఉన్నట్టు?"

"నేను గదే ఎతుకుతున్న."

అక్కణ్ణుంచి గోడ వైపుగా పది అడుగులకొకటి చొప్పున బొరియలు వేశారు. మొదటి రెండింట్లో ఏమీ లేదు. మూడో దానిలో మట్టి బూడిద రంగుకి తిరిగింది. నాలుగో దానిలో బరమా పైకి రాగానే పనివాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఐదో బొరియలో నీళ్ళు తగిలాయి. దిలీప్ సన్నటి గాజు గొట్టం తాడుతో దింపి పైకి లాగాడు. ఎండకి ఎత్తి పట్టుకుంటే కింద మట్టి నీళ్ళు, వాటి మీద రెండు వేళ్ళ మందాన తేనె రంగులో ఇంకొకటి, కలవకుండా తేలుతూ కనిపించాయి.

"పెట్రోలు నీళ్ళకంటే తేలిక గద. వాన పడి భూమిల నీళ్ళు పెరిగితే ఇది గూడ పైకొస్తది," అన్నాడు దిలీప్. "ఎండితే దిగుతది. ఊపిరి దీస్తున్నట్టే ఉన్నది మేడం, భూమి."

"సాయంత్రం నాలుగింటికి గాలి ఒత్తిడి తగ్గుతుంది," అంది వైదేహి మెల్లగా. "రోజూ తగ్గుతుంది. అప్పుడు నేల లోపలి గాలి పైకి వస్తుంది."

ఆమెకి ఆ సంగతి చదువుకున్న రోజులనుంచీ తెలుసు. జూన్‌లో తల్లి వేళ చెప్పినప్పుడు మాత్రం తట్టలేదు.

గడ్డి ఒక చోట ఆగిపోయి ఉండడం ఇప్పుడు గమనించింది. ఎవరో తాడు పట్టి గీత గీసినట్టు, ఇటు పచ్చగా, అటు గోధుమ రంగులో. ఆ గీత దాటాక పిట్ట అలికిడి కూడా లేదు. ఎండిన ఆ పట్టీ పాత షెడ్డు వైపు పోలేదు. పెరటి గోడకి యూనివర్సిటీ వైపున, చిన్న ఉద్యోగుల కోసం కట్టిన నాలుగు క్వార్టర్ల వరస వైపు పోయింది.

మా ఇంటికి రావాలంటే ఆ ఇళ్ళ కిందనుంచే రావాలి, అనుకుంది వైదేహి. మా ఇంటికి చేరింది చివరి బొట్టు.

"ఆ ఇళ్ళల్లో ఎవరుంటున్నారు?"

"మూడు ఖాళీగున్నయి మేడం. మూడో దాంట్ల మటుకు ఒక మాలి ఉంటడంట. సామేలని."

*

సామేలుని వైదేహి ఎరుగును. ఏటా క్రిస్మస్ మర్నాడు కేకు పట్టుకుని ఇంటికి వచ్చేవాడు. వరండాలో కూర్చుని సుందరరావుతో టీ తాగి, పెద్దగా మాటలేమీ లేకుండానే వెళ్ళిపోయేవాడు. ఒకప్పుడు షెడ్డులో పనిచేశాడనీ, ఏదో జబ్బు చేశాక తోటపనికి మార్చారనీ మాత్రమే ఆమెకి తెలుసు.

తలుపు సామేలు భార్య రాహేలు తీసింది. "రా అమ్మా. సుందరరావు సార్ బిడ్డవు గద. ఏంది గా తవ్వుడు, పొద్దుగాల్నుంచి?"

వైదేహి గుమ్మంలో అడుగు పెట్టగానే చేతిలోని మీటరు కూత పెట్టింది. తమ ఇంట్లో వెనక గదిలో తొమ్మిది చూపించింది అది. ఇక్కడ ముందు గదిలోనే అరవై దాటింది.

"మీకు వాసన రావట్లేదా రాహేలమ్మా?"

"షెడ్డు పక్కన ఇల్లాయె. రాకుంటెట్ల? అలవాటైపాయె." ఆమె నవ్వింది. "ఒక సుఖమున్నది చూడు. మా ఇంట్ల చీమ కనవడది. బొద్దింక కనవడది. వానాకాలం నుంచి ఒక్క బల్లి గూడ లేదు."

వంటింటి గుమ్మం దగ్గర చాప మీద ఒక అమ్మాయి కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. కడుపు బరువుకి వెనక్కి వాలి ఉంది.

"మా భూమిక. ఏడో నెల పడంగనే పురిటికి తోలుకొచ్చిన. అత్తగారింట్ల మంచిగనే ఉండె. గీడికొచ్చినంక ఒక్కటే తలనొస్తదంటది."

వైదేహి వంటింటి వైపు మీటరు చాచింది. నూట నలభై. రాహేలు టీ పెట్టడానికి లైటరు చేతిలోకి తీసుకుంటోంది.

"అది కింద పెట్టండి," అంది వైదేహి. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "పొయ్యి వెలిగించొద్దు. లైటు స్విచ్చి కూడా ముట్టుకోవద్దు. కిటికీలు తీసి అందరూ బయటికి రండి. ఇప్పుడే."

రాహేలు కూతురి వైపు, మీటరు వైపు చూసి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. భూమిక రెండు చేతులూ పట్టి లేపింది.

చెట్టు నీడన వాళ్ళని కూర్చోబెట్టేసరికి సామేలు తోటపనినుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. విషయం వింటున్నంతసేపూ తలవంచుకునే నిలబడ్డాడు.

"నాకు వాసన తెల్వదమ్మా," అన్నాడు చివరికి. "పువ్వులు గూడ తెల్వయి. ఇరవై నాలుగేండ్లాయె."

"ఏమైంది?"

"సార్ చెప్పలేదా మీకు?"

"లేదు."

సామేలు భార్యకి వినపడనంత దూరం నడిచి ఆగాడు. "షెడ్డు ట్యాంకు తీసెయ్యమని ఆర్డరొచ్చింది. పెట్రోలంత పంపుతోటి గుంజినం. అడుగున పంపుకందనిది మిగిలింది, బురద లెక్క. దిగి బకీటుతోటి ఎత్తాలె. నేను చిన్నోన్ని, సన్నగున్న. నన్ను దింపిండ్రు. గంతవరకే యాదికున్నది. కండ్లు తెరిస్తె గాంధీ దవాఖానల ఉన్న."

"పైకి ఎవరు తీశారు?"

"ఇంకెవరు. మీ నాయన. నడుముకు తాడు కట్టుకొని, ఊపిరి బిగవట్టి దిగిండంట. మిగిలినోళ్ళందరు నిలవడి చూస్తుండ్రంట."

వైదేహికి ఆ కథ ఇంట్లో ఒక్కసారి కూడా వినపడలేదు.

"సామేలూ, ఆ ట్యాంకు ఎక్కడుంది?"

అతను చేతులు రెండూ ప్యాంటుకి తుడుచుకున్నాడు. "సార్‌ను అడుగమ్మా."

"నీకు తెలుసు కదా."

"ఆయన చెప్పకుండ నేను చెప్ప."

*

వైదేహి ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర. ముందు గది దాటి వెనక వైపు నడవగానే ఆగిపోయింది. వాసన.

పెద్దగా ఏం లేదు. పక్క గదిలో ఎవరో ఇప్పుడే వచ్చి చొక్కా విప్పి వంకీకి తగిలించినంత. మూసిన తలుపు కిందనుంచి నేల మీదుగా మెల్లగా వచ్చి ఆమె కాళ్ళ దగ్గర నిలిచినట్టుంది. నాలుగు నెలల పాటు రోజూ ఈ వేళకి తల్లి ఒంటరిగా దీని ఎదుట కూర్చుంది.

సుందరరావు కుర్చీలో అలాగే ఉన్నాడు. బల్ల మీద మధ్యాహ్నం భోజనం ముట్టుకోకుండా ఉంది. రెండు కంచాలు.

వైదేహి ఆ నకలు కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకోలేదు. అక్కర్లేకపోయింది.

"ఆ చదరం దగ్గర తవ్వాం నాన్నా. అక్కడ ఎప్పుడూ ఏమీ లేదు."

"లేదు."

"సామేలుని కలిశాను."

ఆ పేరు వినగానే ఆయన కుర్చీ చేతుల్ని పట్టుకున్నాడు.

"వాణ్ణి పైకి తెచ్చాక మూడోరోజు పైవాళ్ళు పిలిచారు నన్ను," అన్నాడు. "మిగతాది ఎప్పుడు పూర్తి చేస్తావన్నారు. మనిషి చావు బతుకుల్లో ఉన్నాడు సార్ అన్నాను. ఇంకొకణ్ణి దింపు అన్నారు. అప్పటికే ఒకడి పేరు రాసి ఉంచారు. పెళ్ళై ఆర్నెల్లయినవాడు. ఆ పూటే నేను పని అయిపోయిందని రాసి సంతకం పెట్టాను. మూత వేయించి, పైన మట్టి కప్పించాను. ఎవడైనా సరిచూస్తే దొరక్కూడదని పటంలో వేరే చోట గీశాను."

"అప్పుడు సరే. తరవాత?"

"తరవాత రోజులు గడిచాయి."

"ఆ నేల మీద ఇళ్ళు కట్టారు నాన్నా."

"కట్టారు. పునాదులు తీస్తున్నప్పుడు రోజూ గోడ దగ్గరకెళ్ళి నిలబడేవాణ్ణి. వాళ్ళు పైపైన తవ్వారు. తగల్లేదు. చెబుదామనుకునేలోపు పైకప్పు పడింది. ఏ ఇంటి కింద పడిందో నేను కొలిచి చూడలేదు వైదేహీ. ఇరవై ఏళ్ళుగా కొలవలేదు."

"అమ్మ చెప్పినప్పుడైనా..."

ఆయన లేచాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, రెండు ప్రయత్నాల్లో లేచాడు. నడవలోంచి వెనక గది తలుపు దాకా వెళ్ళి దాని ముందు నిలబడ్డాడు.

"వేదా."

లోపల అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది.

"వచ్చింది. మొదటి రోజే వచ్చింది. నువ్వు చెప్పకముందే నాకు తెలిసింది."

ఆయన ఇంకేదో అనబోయి, తలుపుకి నుదురు ఆనించాడు.

గడియ తీసిన శబ్దం అయింది.

వేదవతి గుమ్మంలో నిలబడింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. వాసన వల్లో మరెందువల్లో చెప్పడం కష్టం. భర్త ముఖంలోకి చూసింది.

"డాక్టరు దగ్గర నా పక్కనే కూర్చున్నారు మీరు."

"అవును."

"మాత్రలు మీరే చేతిలో పెట్టేవారు. నీళ్ళ గ్లాసు కూడా."

సుందరరావు తన అరచేతుల్లోకి చూసుకున్నాడు.

"నాకు మతి పోతోందని నేను నమ్మాను. భయపడ్డాను. నిద్రలో మీ చెయ్యి పట్టుకునేదాన్ని, గుర్తుందా? మీరు నిద్ర పోకుండానే ఉండేవారు."

ఆమె ఆయన్ని తాకకుండా పక్కనుంచి ముందు గదిలోకి నడిచింది. మంచినీళ్ళు తాగింది. తరవాత కూతురితో అంది:

"ఎక్కడుందో చూపించమను. నేనూ వస్తాను."

*

ముగ్గురూ వీధి చుట్టూ తిరిగి గేటులోంచి వెళ్ళేసరికి మళ్ళీ మబ్బు కమ్మింది. ఐదున్నరకే వెలుగు మసకబారింది. దూరంగా మెట్రో వెళ్తున్న శబ్దం వినిపించి ఆగిపోయింది.

సుందరరావు పాత షెడ్డు మూలకి వెళ్ళి గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. దిలీప్, పనివాళ్ళు దూరం జరిగారు.

"ఇక్కడ్నుంచి గోడ వైపు నలభై ఆరు అడుగులు," అన్నాడు. "ఆ రోజు నేనే కొలిచాను."

నడవడం మొదలుపెట్టాడు. ఒకప్పటి అడుగు కాదు ఇప్పటిది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఒక్కొక్కటీ సాచి, మడమ ఆనించి, గొణుక్కుంటూ లెక్కపెడుతున్నాడు. పన్నెండు. పదమూడు. ఎండిన గడ్డి గీత దాటాడు. చెట్టు కింద కూర్చున్న భూమిక ఆ ముసలాయన్ని వింతగా చూసింది. ఆమెని మెట్టుగూడలో పిన్ని ఇంటికి తీసుకెళ్ళడానికి ఆటో వచ్చి ఆగి ఉంది. రాహేలు బట్టలు తేవడానికి ఇంట్లోకి వెళ్ళింది.

ముప్పై. ముప్పై ఒకటి. మొదటి క్వార్టరు పక్కనుంచి పోయాడు. రెండోది దాటాడు. వేదవతితో కలిసి వైదేహి వెనకాలే నడుస్తోంది. చేతిలో మీటరు ఆపేసింది. దాని కూత భరించలేక.

ముప్పై తొమ్మిది దగ్గర మూడో ఇంటి మెట్టు తగిలింది. సుందరరావు ఒక్క క్షణం ఆగి కళ్ళు మూసుకున్నాడు. చెప్పులు విప్పి, మెట్టెక్కాడు. నలభై. నలభై ఒకటి. ముందు గది. గోడకి ఏసుప్రభువు పటం, కింద పెళ్ళి ఫోటో. నలభై మూడు. వంటింటి గుమ్మం. అక్కడ కాలు ఎత్తి, దించలేక ఆగిపోయాడు.

"ఇక్కడిక్కడే ఉండాలి," అన్నాడు. "నా అడుగులు చిన్నవైపోయాయి. సరిగ్గా చెప్పలేను."

"ఇంకో రెండడుగులు సార్."

సామేలు వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. వంటింట్లోకి వచ్చి, పొయ్యి బల్ల కింద పరిచిన గోనెపట్టా పక్కకి లాగాడు. కింద మామూలు గచ్చే.

"గీ పొయ్యి కింద మూత. ట్యాంకు గటు దిక్కు, మేం పండుకునే అర్ర కిందికి పోతది."

సుందరరావు గోడ పట్టుకున్నాడు. "నీకెలా తెలుసురా?"

"ఇండ్లు కట్టినప్పుడే తెల్సు సార్. గీ ఇల్లు నేనే అడిగి తీస్కున్న. వేరేటోళ్ళకిస్తె ఎన్నడో ఒకనాడు బోరుకో, బాత్రూముకో తవ్వుతరు. తవ్వితె మీ పేరు బయటవడ్తది. మీరు నన్ను లోపటికెల్లి పైకి గుంజిండ్రు. నేను దాని మీద కూసున్న. గంతే."

వంటింటికి ఆనుకున్న గదిలోంచి రాహేలు వచ్చింది. చేతిలో బట్టల మూట. అంతా విన్నదని ఆమె మొహమే చెబుతోంది.

"ఇరవై ఏండ్లు," అంది.

"రాహేలూ, నాకు వాసన తెల్వదు. కారుతుందని నాకెట్ల తెలుస్తది?"

"నాకు తెల్సు. నాకు వచ్చింది. అడిగిన నిన్ను. షెడ్డు వాసనే అంటివి. నువ్వంటివని నమ్మిన." ఆమె గొంతు పెరగలేదు. "నా బిడ్డ గీడనే అంబాడింది. గిప్పుడు కడుపుల బిడ్డతోని గీడనే పండవెట్టిన. నేనే చాప పరిచిన."

సామేలు ఆమె వైపు ఒక అడుగు వేశాడు. ఆమె మూటని తనకీ అతనికీ మధ్య ఎత్తి పట్టుకుంది. అతను ఆగిపోయాడు.

కాళ్ళ కింద, గచ్చు కింద, ఎక్కడో చాలా లోతున, నీరు ఇనుముని తాకుతున్నట్టు సన్నటి చప్పుడు వినిపించింది. అది బయట మొదలైన చినుకులదే కావచ్చు. కాని ఐదుగురూ కిందికే చూశారు.

ముందుగా కదిలింది వేదవతి. రాహేలు చేతిలోంచి మూట అందుకుని బయటికి నడిచింది. రాహేలు ఆమె వెంట వెళ్ళింది. భూమికని ఇద్దరూ చెరొక పక్కా పట్టుకుని ఆటోలో కూర్చోబెట్టారు.

రాహేలు ఎక్కబోతూ ఆగింది. భర్త వైపు చూడలేదు, సుందరరావు వైపూ చూడలేదు. వరండాలో నిలబడిన వైదేహిని చూసింది.

"అమ్మా, కాయితం రాసేది నువ్వే గద?"

"నేనే."

"ఇద్దరి పేర్లు రాయి. ఒక్కటి రాసి ఒక్కటి ఇడిసిపెట్టకు."

రాహేలు ఎక్కి కూర్చుంది. వైదేహి తండ్రి వైపు తిరిగింది. ఆయన చెప్పులు లేకుండా వానలో మెట్టు దిగి, ఆటో వైపు వస్తున్నాడు. ఆయన చూపు రాహేలు మీద లేదు.

"వేదా, నువ్వెక్కడికి?"

వేదవతి అప్పటికే ఆటోలో భూమిక పక్కన కూర్చుని ఉంది. తల బయటికి పెట్టి, మొగుణ్ణి కాదు, డ్రైవర్ని చూసి అంది.

"మెట్టుగూడకి పోనీ నాయనా."